అందరి మందులూ మా బావ నంబరు మీదే

మా బావ మందుల షాపులో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఫలానా వాళ్ళకి ఫలానా జబ్బుందట అన్న మాట ఆ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన నోటి వెంట విన్నవాళ్ళు లేరు. కట్టుకున్న మా అక్కే వినలేదు. నా సంగతి వేరు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క చిన్నప్పటినుంచీ అంటూ ఉండేది. నిజమే, నానదు. ఇదంతా రాస్తున్నానని తెలిస్తే మా బావ నా మొహం చూడడు. ఇప్పుడేదో చూస్తున్నట్టు!

దగ్గు బిళ్ళలు కొన్నా, పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలు కొన్నా, ఎవరికీ చూపించుకోలేని చోట రాసుకునే పూత కొన్నా ఆయన కట్టే పొట్లం ఒక్కటే. అదే గోధుమరంగు కాగితం, అదే కొలత, అదే దారం. నాలుగు బిళ్ళలకి అంత పొట్లం దేనికయ్యా అని ఓనరు విసుక్కునేవాడు. "దీనికి చిన్న పొట్లం కడితే, పెద్ద పొట్లం పట్టుకెళ్ళేవాణ్ణి వీధంతా చూస్తుంది సార్" అనేవాడు మా బావ. చీటీ అందుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, లోపల్లోపల చదువుకుని, తనే అరల దగ్గరికి వెళ్ళి తెచ్చేవాడు. మందు పేరు పైకి అనేవాడు కాదు. సరుకు లేకపోతే తల అడ్డంగా ఊపేవాడు, అంతే. వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పొట్లాలాయన అనేవాళ్ళు.

ముసలి ఓనరు షాపుని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. చెక్క అరలు పోయి గాజు అరలు వచ్చాయి. కాగితం, దారం పోయి కంపెనీ బొమ్మ వేసిన సంచులు వచ్చాయి. కౌంటరు మీద కంప్యూటరు వచ్చింది. ప్రతి బిల్లుకీ కొనేవాడి ఫోను నంబరు కొట్టాలి. నంబరు కొట్టకపోతే బిల్లు రాదు, బిల్లు రాకపోతే మందు కదలదు. నేర్పడానికి వచ్చినవాడు, "కస్టమరు గురించి ఎంత తెలిస్తే అంత బాగా సేవ చెయ్యొచ్చు" అన్నాడట. "తెలిసినా తెలియనట్టుండటమే సేవ అనుకున్నాను బాబూ ఇన్నాళ్ళూ" అన్నాడట మా బావ. అందరూ నవ్వారట.

మొదటి వారంలోనే ఒకావిడ వచ్చింది. వెనకాల ఆరుగురు వరసలో ఉన్నారు. నంబరు చెప్పమ్మా అంటే ఆవిడ మొహం పాలిపోయింది. చీటీ వెనక్కి లాక్కోబోయింది. మా బావ తల ఎత్తకుండా తన నంబరే టకటకా కొట్టేసి మందు చేతిలో పెట్టాడు. నంబరే కదా, ఏదో ఒకటి కొడితే తీరిపోతుంది అనుకున్నాడు. ఆ నంబరు వెనక ఒక మనిషిని నిలబెట్టి, ఆ మనిషికి ఈ మందులన్నీ అంటగడతారని ఆయనకి తట్టలేదు. ఆ మాటకొస్తే ఎవరికి తట్టింది? సిగ్గుపడేవాళ్ళందరూ ఆయన డ్యూటీ చూసుకుని రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అయినా అందరికీ తెలిసింది.

మొదట్లో అది మాకు పెద్ద వినోదం. మా బావ ఫోనుకి కంపెనీ నుంచి మెసేజీలు వచ్చేవి. "ఈ వారం మీ మనసు ఎలా ఉంది?" అని ఒకటి. "గర్భిణులు తీసుకోవలసిన జాగ్రత్తలు" అని ఒకటి. ఒక ఆదివారం భోజనాల దగ్గర మా అక్క ఫోను తీసి పైకి చదివింది: "తాగుడు మానేసి నేటికి రెండు వందల రోజులు. అభినందనలు!" చదివి, "ఎప్పుడు మొదలెట్టారు మహానుభావా, నాకు చెప్పకుండా?" అంది. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేను మాత్రం, "బావా, ఇది ఊరికే నవ్వి వదిలేసేది కాదేమో. వాడు అన్నీ రాసుకుంటున్నాడు" అన్నాను. "యంత్రం రాసుకుంటే రాసుకోనీ. దానికి ఎగతాళి చెయ్యడం తెలుసా? వీధిలో చెప్పుకుంటుందా?" అన్నాడాయన. మనుషుల నోటికి తప్ప దేనికీ భయపడటం ఆయనకి తెలియదు.

కంప్యూటరు వచ్చిన ఆరేళ్ళకి మా అక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. మంచం పక్కన యంత్రం తిరుగుతూ ఉంటే అక్క గోడకేసి చూస్తూ పడుకునేది. ఎన్నాళ్ళో ఇలా నెట్టుకురాలేం, కిడ్నీ మార్చాల్సిందే అన్నాడు డాక్టరు. నాకు షుగరు, నాది పనికిరాదన్నారు. వాళ్ళకి పిల్లలు లేరు. మా బావది సరిపోయింది. గ్రూపు కలిసింది, మిగతా పరీక్షలూ కలిశాయి. ఆ రోజు మా బావ మెట్లెక్కుతూ ఈల వేశాడు. ఆయన ఈల వేయగలడని నాకు అప్పుడే తెలిసింది. ఉప్పు తగ్గించాడు, పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. "నాది అరిగిపోయిన సరుకు కాదు, గట్టి సరుకు ఇస్తాను నీకు" అని అక్కని ఆటపట్టించేవాడు.

దాత తన ఆరోగ్య వివరాలన్నీ చూసుకోవడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. "నాకేం రోగముందని? చూసుకోనీ" అని మా బావ చదవకుండానే పెట్టేశాడు.

పది రోజులకి ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. అవయవదానం కమిటీ పనులు చూసే కోఆర్డినేటరు మంచి మనిషి. కుర్చీ దగ్గరగా జరుపుకుని, కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. దాత వివరాలన్నీ చూసి కంప్యూటరే వందకి ఇంత అని స్కోరు వేస్తుందట. దాతగా మా బావ స్కోరు అరవై దాటాలి. ముప్పై ఒకటి వచ్చింది.

"రక్తం, గుండె అన్నీ బావున్నాయండీ. కానీ ఆరేళ్ళుగా మనోవ్యాధి మందులు వాడుతున్నారు. రెండేళ్ళు తాగుడు మాన్పించే మాత్రలు కూడా. ఇలాంటి చరిత్ర ఉంటే, మీరు తెలివిడితో, ఇష్టపడి ఇస్తున్నారని మేం నమ్మడానికి లేదు."

"అవి నావి కావమ్మా" అన్నాడు మా బావ.

"మీ నంబరు మీదే ఉన్నాయి కదండీ."

నేను లిఫ్టు మెకానిక్కుని. ఎంత కొత్త లిఫ్టయినా సరే, కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే చేత్తో దింపుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది లేకుండా లిఫ్టు పెట్టడానికి ఎవడూ ఒప్పుకోడు. "మరి ఈ స్కోరుని చేత్తో మార్చే వీలు లేదా మేడమ్?" అని అడిగాను. లేదంది. కమిటీలో ముగ్గురు పెద్ద డాక్టర్లు ఉన్నా, వాళ్ళు కూడా స్కోరు మీద రాయడానికి లేదట. ఒకటే దారి. ఆ మందులు నిజంగా వాడినవాళ్ళు, మావే అని సంతకం పెట్టి, డాక్టరు చీటీ జతచేసి ఇవ్వాలి. మిగతావన్నీ వదిలేస్తామంది. ఈ రెండింటికీ తెస్తే చాలంది.

రెండే రెండు సంతకాలు. బయటికి వచ్చాక ఎవరు వాళ్ళు అని మా బావని అడిగాను. వినపడనట్టు నడిచాడు. రాత్రీ పగలూ బతిమాలాను, తిట్టాను. "నన్ను నమ్మి వచ్చారురా వాళ్ళు" అన్నాడు చివరికి. "మరి అక్క నిన్ను నమ్మి రాలేదా?" అన్నాను.

ముందు ఆయన చేసింది వేరే. కంపెనీకి వెళ్ళి, ఇవన్నీ నేనే నా నంబరు మీద కొట్టాను, తప్పు నాది అని రాసిచ్చాడు. ఆ కాగితం కమిటీకి పనికొస్తుందని ఆశ. కమిటీకి పనికిరాలేదు కానీ కంపెనీకి పనికొచ్చింది. లెక్కలు తారుమారు చేశాడని మూడోనాడు ఉద్యోగం పీకేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇక్కడ నా నోరు ఒక ఘనకార్యం చేసింది. టీ కొట్టు దగ్గర నిలబడి, కడుపుమంటతో, జరిగిందంతా నలుగురిలో చెప్పాను. తాగుడు మాత్రల సంగతి కూడా చెప్పాను. మర్నాడు పొద్దున్నే స్కూలు బస్సు డ్రైవరు మా బావ ఇంటికి వచ్చాడు. హారను మోగించకుండా వీధి దాటడని మేమందరం హారను అని పిలిచే మనిషి. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అవి నావేనని తెలిసి కూడా నా దగ్గరికెందుకు రాలేదన్నా? కాగితం ఇటివ్వండి."

"వద్దయ్యా. నీది బస్సు నడిపే పని" అన్నాడు మా బావ.

"తాగి నడిపిన రోజులు పోయాయి. ఇప్పుడు మానేసి నడుపుతున్నాను. దాంట్లో సిగ్గేముంది?" అని వాడు సంతకం పెట్టాడు. చీటీ కూడా మడతపెట్టి జేబులో తెచ్చుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటి. ఒక సాయంత్రం మా బావ నా స్కూటరు ఎక్కి, కాలేజీ వెనక వీధిలోకి పోనిమ్మన్నాడు. వీధి మొదట్లోనే దిగిపోయి, ఇక్కడే ఉండు, ఎటు వెళ్ళానో చూడకు అన్నాడు. నేను చూశాను. లెక్చరర్ గారి ఇల్లు. ఈయన పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పెద్ద కంపెనీలు మన గుట్టుమట్లు అమ్ముకుంటున్నాయని పత్రికల్లో రాస్తాడు. మా బావ ఆ వ్యాసాలు కత్తిరించి దాచుకునేవాడు. నేను కాంపౌండు గోడ పక్కన నిలబడి విన్నాను. చేసింది తప్పే, అయినా విన్నాను.

లెక్చరర్ గారు కోప్పడలేదు. ఏడ్చాడు. "మీరు నాకు చేసిన సాయం ఈ జన్మలో మరిచిపోను. కానీ ఆలోచించండి. నన్ను ప్రభుత్వ సలహా సంఘంలో వేస్తున్నారు, ఈ డేటా దోపిడీ మీదే. ఇది బయటపడితే పిచ్చికి మందులు మింగేవాడని నన్ను మూలన కూర్చోబెడతారు. ఇంక నా మాట ఎవరు వింటారు? మా ఆవిడకి కూడా తెలియదు."

"నేను అర్థం చేసుకోగలను సార్" అన్నాడు మా బావ. అర్థం చేసుకోగలడట! భార్య ప్రాణం అడగడానికి వెళ్ళి, అవతలివాణ్ణి ఓదార్చి వచ్చాడు.

నెల తిరిగేసరికి హారనుని బస్సు దింపేశారు. లైసెన్సు కొత్తది చేయించుకోబోతే "అదనపు పరిశీలనలో ఉంది" అని వచ్చింది. ఎవరు చెప్పారో, ఆ కాగితం ఎటు నుంచి ఎటు పోయిందో అడిగితే చెప్పే నాథుడు లేడు. ఒక్క సంతకంతో పని జరగదు కాబట్టి వాడి సంతకం మా అక్కకీ ఉపయోగపడలేదు. నేను వాడి ఎదట పడలేక ఆ టీ కొట్టుకి వెళ్ళడం మానేశాను.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం మేడ మీద చర్చ పెట్టారు. పెద్ద కంపెనీలు, మన గుట్టు, కృత్రిమ మేధ అని గోడల మీద కాగితాలు అంటించారు. ఒకవైపు లెక్చరర్ గారు, ఇంకోవైపు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నేను రానన్నాను. మా బావ మాత్రం బయల్దేరాడు. "ఆయన మాట్లాడితే వినాలనిపిస్తుంది" అన్నాడు. ఒక్కణ్ణీ పంపలేక నేనూ వెళ్ళి, ఆఖరి వరసలో పక్కన కూర్చున్నాను.

ఇంజనీరు తెలివైనవాడే. "ఇదివరకు డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళని భయపెట్టి కిడ్నీలు లాక్కునేవాళ్ళు. డాక్టర్లు కళ్ళు మూసుకునేవాళ్ళు. యంత్రం కళ్ళు మూసుకోదు. దాచుకోవలసింది ఏమీ లేనివాడికి భయం దేనికి?" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. అతను చెప్పిన దాంట్లో మొదటి ముక్క అబద్ధమని నేను అనలేను.

లెక్చరర్ గారు లేచారు. గొంతు కంచులా ఉంది. "ఒక మనిషి కథ చెబుతాను" అన్నారు. మందుల షాపులో పనిచేసే ఒకాయన, ఊరివాళ్ళ సిగ్గు కాపాడటానికి తన నంబరు ఇచ్చాడట. ఆ పాపానికి యంత్రం ఆయన్ని పిచ్చివాణ్ణి చేసి, భార్యకి కిడ్నీ ఇవ్వనివ్వడం లేదట. పేర్లు చెప్పలేదు. చాలా బాగా చెప్పారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఆయన చూపు ఆఖరి వరస దాకా వచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు గ్లాసెత్తి గుటకలేసి నీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రశ్నలు అడగమనగానే మైకు లాక్కున్నాను. మా బావ నా చొక్కా అంచు పట్టుకుని లాగుతున్నాడు. ఆ లాగుడుకి జంకి పేరు మింగేశాను. "ఆ మందులు వాడిన పెద్దమనిషి ఒక్క సంతకం పెడితే ఆవిడ బతుకుతుంది కదా సార్? ఆయన్ని ఎందుకు అనరు?" అన్నాను.

లెక్చరర్ గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "మంచి ప్రశ్న. ఒక బాధితుణ్ణి ఇంకో బాధితుడి మీదకి ఉసిగొల్పి, తను మాత్రం తప్పుకోవడమే ఈ వ్యవస్థ చేసే పని. మన కోపం ఆ రోగి మీద కాదు, ఆ రహస్యాన్ని ధరగా అడుగుతున్నవాడి మీద ఉండాలి" అన్నారు. హాలంతా చప్పట్లు. మా బావ కూడా కొట్టాడు.

దారిలో స్కూటరు ఆపేసి అరిచాను. "నీకు సిగ్గు లేదా బావా? ఆయనకి చప్పట్లు కొడతావా?"

"ఆయన చెప్పింది తప్పా?"

"తప్పు కాదు. రైటే. అక్క చచ్చిపోతుంది."

"నేను ఒక్కడి పేరు చెబితే, అందరివీ చెప్పినట్టే. ఇంక నేనేమిటి?" అన్నాడు. మనిషి ఏదో ఒకటి అయి ఉండాలని అంత పట్టుదల దేనికో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆయన మొగుడు. ముందు అది అయి ఉంటే చాలదా?

మర్నాడు నేనే కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాను. లెక్చరర్ గారి పేరు, వీధి, గోడ పక్క నుంచి విన్న మాటలు, ఒక్కటీ వదలకుండా రాసి నా చేతులతో ఇచ్చి వచ్చాను. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. రోగి ఫైలుకి సంబంధించినవన్నీ రోగి ఇంటికే పంపుతారట. అక్కని డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి నేను వెళ్ళేసరికి ఆ కవరు చింపి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని చదువుతోంది. మా బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

జవాబు నాలుగు వాక్యాలు. సదరు వ్యక్తి అనుమతి లేకుండా ఆయన ఆరోగ్య వివరాలను స్వీకరించడం గోప్యతా నిబంధనలకు విరుద్ధం, కనుక మీ లేఖను తిప్పి పంపుతున్నాం, దీని నకలు మా దగ్గర ఉంచుకోలేదు, గమనించగలరు. లోకంలో ఆ ఒక్కడి గుట్టు కాపాడటానికి చట్టం కూడా ఉంది.

మా బావ నా వైపు తిరిగి, "నీ నోరు పడిపోను" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. అక్క చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. నా ఉత్తరం మళ్ళీ ఒకసారి పైనుంచి కిందదాకా చదివింది.

"ఈయనేనా?" అంది.

మా బావ తల ఊపాడు.

"మీరు వెళ్ళి అడిగినప్పుడు, సంతకం పెట్టకపోతే నేను పోతానని ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"మీకు?"

మా బావ కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయాడు. అక్క కాగితాలు మడిచి తలగడ కింద పెట్టుకుని, "పద తమ్ముడూ, టైమవుతోంది" అని లేచింది.

ఆ తర్వాత ఐదు నెలలు బతికింది. ఆయనతో పోట్లాడలేదు, మాట మానలేదు, వేళకి అన్నం పెట్టింది. తన మాత్రలు మాత్రం ఆయన్ని తేనివ్వలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా నా భుజం పట్టుకుని షాపు దాకా నడిచి వచ్చి, వరసలో నిలబడి, కౌంటరు దగ్గర తన నంబరు అందరికీ వినపడేలా చెప్పి తనే తెచ్చుకునేది.